గాజు ముక్కల గొట్టం వెనకున్న మనిషి

సంపాదకుడు గారికి,

మొన్న ఆదివారం మీ పిల్లల పేజీలో మూడు అద్దం ముక్కలు, విరిగిన గాజులతో కెలిడోస్కోప్ ఎలా చేయాలో వేశారు. మా మనవరాలు అప్పుడే రెండు చేసేసింది. కనిపెట్టినవాడి పేరు మాత్రం వేయలేదు. ఫిజిక్స్ చదివినవాళ్లలో చాలామందికి ఆ పేరు తెలుసు, కాకపోతే ఫార్ములాగా తెలుసు: బ్రూస్టర్.

డేవిడ్ బ్రూస్టర్ 1781లో స్కాట్లాండ్‌లోని జెడ్‌బరోలో పుట్టాడు. పదేళ్లకే టెలిస్కోప్ చేశాడు. చర్చిలో ప్రసంగించే అర్హత సంపాదించినా జనం ముందు నిలబడితే టెన్షన్, ఆ పని సాగలేదు. 1814లో గాజు పలకల మధ్య కాంతి మళ్లీ మళ్లీ పరావర్తనమైతే ఏమవుతుందో పరీక్షిస్తుంటే కెలిడోస్కోప్ ఆలోచన తట్టింది. 1817లో పేటెంటూ తీసుకున్నాడు. కానీ నమూనా చూసినవాళ్లు అప్పటికే కాపీ కొట్టేశారు. లండన్, పారిస్‌లలో మూడు నెలల్లో రెండు లక్షలు అమ్ముడుపోయాయంటారు. ఆయన జేబులోకి వచ్చింది మాత్రం పెద్దగా ఏమీ లేదు.

గాజు, నీళ్ల లాంటి వాటి మీద ఏ కోణంలో పడిన కాంతి పరావర్తనమయ్యాక ఒకే దిశలో కంపించే కాంతిగా మారుతుందో, అది ధ్రువణ కోణం. దాని టాంజెంట్ ఆ పదార్థపు వక్రీభవన గుణకానికి (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకెకు) సమానమన్న ఆయన సూత్రం 1815 నాటిది. దాన్ని మేం ఫిజిక్స్ లెక్చరర్లం తరంగ సిద్ధాంతం పాఠంలో చెబుతాం. తమాషా ఏమిటంటే, కాంతి తరంగమని బ్రూస్టర్ చివరిదాకా ఒప్పుకోలేదు! ఈ సంగతి చెబితే వెనక బెంచీ కూడా తలెత్తేది.

నేను పనిచేసిన కాలేజీలో ఈ సూత్రాన్ని ఏళ్ల తరబడి బోర్డు మీదే చెప్పాను, తప్పు నాదీ ఉంది. ఒకసారి పాడైన కాలిక్యులేటర్ తెర మీది పోలరైజింగ్ ఫిల్మ్ (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే వదిలే పలుచటి పొర) ఊడదీసి తీసుకెళ్లాను. టేబుల్ మీద పరిచిన మామూలు గాజు పలకలో కనిపించే ట్యూబ్‌లైట్ మెరుపును ఏటవాలుగా, నిలువు నుంచి సుమారు 56 డిగ్రీల కోణంలో, ఫిల్మ్‌లోంచి చూడమన్నాను. ఫిల్మ్‌ను మెల్లగా తిప్పితే ఒకచోట మెరుపు దాదాపు మాయమైంది. “సార్, లైట్ ఆపారా?” అని ఒకడు పైకి చూశాడు. నీళ్ల మీదైతే ఇదే 53 డిగ్రీల దగ్గర జరుగుతుంది. పోలరైజ్డ్ కళ్లద్దాలు చెరువు మీది మెరుపును తగ్గించేదీ ఇలాగే.

దీనికి లక్షల ల్యాబ్ అక్కర్లేదు. ప్రాక్టికల్స్ పీరియడ్‌ను కూడా ఎంట్రన్స్ కోచింగ్‌కు ఇచ్చేసే కాలేజీలను తనిఖీ చేసేటప్పుడు ఇంటర్ అధికారులు రికార్డు పుస్తకాలతో సరిపెట్టుకోకుండా, ఇద్దరు పిల్లల్ని పిలిచి ఒక ప్రయోగం చేయించి చూడాలి. మీ పేజీలో వచ్చేవారం ఈ ఫిల్మ్ ప్రయోగం వేస్తే, పక్కన ఆయన పేరు కూడా వేయండి.

— ఒక విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్, గుంటూరు