పాల గురించి రాసేటప్పుడు ఆ సలహా ఎవరి కోసమో కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

ఆరోగ్యం పేజీల్లో ఒక వారం పాలు అమృతం అంటారు, ఇంకో వారం విషం అంటారు. ఇవి చదివి కొందరు పిల్లలకు పాలు పూర్తిగా మాన్పించేస్తున్నారు. ఇంకొందరు కడుపు ఉబ్బరంతో బాధపడుతూనే, ఎముకల కోసమని రోజూ గ్లాసెడు పాలు బలవంతంగా తాగుతున్నారు. ఎవరికి, ఏ వయసులో, ఎంత, ఏ రూపంలో అన్నది చెప్పకుండా సలహా ఇవ్వడం వల్లే ఇలా జరుగుతోందని నా అభిప్రాయం.

పాలలో పోషకాలకు లోటు లేదు. 250 మి.లీ. గ్లాసులో సుమారు 300 మిల్లీగ్రాముల కాల్షియం, 8 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. మాంసం, చేపలు, గుడ్లు ముట్టనివారికి తిండిలో బి12 విటమిన్ సహజంగా దొరికేది దాదాపు పాల పదార్థాల్లోనే. అలాంటివారికి మరో దారి చూపకుండా 'పాలు మానేయండి' అని రాయడం ప్రమాదకరం. బి12 లోపం రక్తహీనతతో ఆగదు, నరాలనూ దెబ్బతీస్తుంది. బాదం పాలు, బియ్యం పాలు చూడటానికి పాలలాగే ఉన్నా ప్రొటీన్ చాలా తక్కువ. బి12 అయితే విడిగా కలిపితేనే ఉంటుంది. ఎదిగే పిల్లలకు వాటితో సరిపెట్టేస్తున్నారంటే నాకు టెన్షన్‌గా ఉంటుంది.

పాలు పడనివారి బాధ కూడా నిజమే. పాలలో ఉండే చక్కెర పేరు లాక్టోజ్. దాన్ని అరిగించే లాక్టేజ్ ఎంజైమ్ బాల్యం దాటాక ప్రపంచంలో సుమారు మూడింట రెండు వంతుల మందిలో తగ్గిపోతుంది. గ్యాస్, ఉబ్బరం, విరేచనాలు అందుకే. అయినా వీరిలో చాలామంది ఒక గ్లాసు వరకు పాలను, ముఖ్యంగా భోజనంతో కలిపి తీసుకుంటే, తట్టుకోగలరు. పెరుగైతే ఇంకా తేలిక, అందులోని బ్యాక్టీరియా లాక్టోజ్‌ను విడగొడుతుంది. గట్టి చీజ్‌లో లాక్టోజ్ నామమాత్రమే.

పాల ఎలర్జీ సంగతి వేరు. పాల ప్రొటీన్ మీదికి శరీర రక్షణ వ్యవస్థ తిరగబడటం అది. ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. లాక్టోజ్ తీసేసిన పాలు కూడా వారికి పనికిరావు. ఈ రెండింటినీ కలిపేసి రాస్తున్న వ్యాసాలు చూశాకే మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఏడాది నిండని బిడ్డకు తల్లిపాల స్థానంలో మామూలు పాలు పట్టకూడదన్న మాట చాలా వ్యాసాల్లో కనబడదు. వాటిలో ఐరన్ బాగా తక్కువ. ఏడాది దాటిన పిల్లలు కూడా రోజంతా పాలతోనే కడుపు నింపుకుంటే మిగతా తిండి తినక రక్తహీనత వస్తుంది. ఇక కాచని పచ్చిపాలతో క్షయ, బ్రూసెల్లోసిస్ (పశువుల నుంచి వచ్చే ఒక రకం జ్వరం) సోకవచ్చు.

వెన్నను, తీపి పెరుగును, పాలను ఒకే గాటన కట్టడం కూడా తప్పే. వెన్నలో సగం సంతృప్త కొవ్వే, కాల్షియం దాదాపు ఉండదు. తీపి పెరుగులో కలిపిన చక్కెర సంగతి చూడాలి. క్యాన్సర్ మీద రాసేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. పాల పదార్థాలు పెద్దపేగు క్యాన్సర్ ముప్పును బహుశా తగ్గిస్తాయని వరల్డ్ క్యాన్సర్ రీసెర్చ్ ఫండ్ 2018 నివేదిక చెప్పింది. ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పును పెంచవచ్చనడానికి పరిమితమైన ఆధారాలు ఉన్నాయని కూడా అదే నివేదిక అంది. తనకు కావలసిన సగమే తీసుకుని రాస్తే పాఠకుడికి అందేది భయమో, భ్రమో.

దయచేసి ఇకపై పాల మీద ఏ వ్యాసం వేసినా అది ఏ వయసువారికో, ఎంత పరిమాణమో, ఏ పదార్థమో పైనే రాయించండి. వేసేముందు ఒక పోషకాహార నిపుణుడికి చూపించండి. పాలు తాగిన ప్రతిసారీ కడుపు ఇబ్బంది పెడుతుంటే లాక్టోజ్ పడుతుందో లేదో తేల్చడానికి శ్వాస పరీక్ష ఉందని, దాని గురించి డాక్టర్‌ను అడగవచ్చని కూడా అదే పేజీలో చెప్పండి.

ఇట్లు,
మీ పాఠకురాలు