ఎముక నొప్పికి జ్వరం తోడైతే పసరు కట్టు కట్టించకండి

సంపాదకులకు నమస్కారం.

వానకాలం విషజ్వరాలు ఇంకా పూర్తిగా పోకముందే పత్తి ఏరుడు మొదలవుతుంది. నర్సంపేట, పరకాల, ములుగు వైపు ఏ ఊరికి వెళ్లినా నడుం నొప్పి, కీళ్ల నొప్పుల మాటే వినపడుతుంది. పొద్దంతా వంగి ఏరితే నొప్పి రాదా అంటారు. చాలామంది విషయంలో అది నిజమే. కానీ ఆ మాట చాటునే ఎముకలో చీము, వెన్నుపూస టీబీ వారాలు, నెలల తరబడి ముదిరిపోతున్నాయి. రెండూ పూర్తిగా నయమయ్యే జబ్బులే. ఆలస్యమే కాళ్లు పోగొడుతోంది.

ముందుగా పిల్లల సంగతి. వాళ్ల విషయంలో గంటలు లెక్క. పిల్లల ఎముక ఎదిగే చోట, ముఖ్యంగా మోకాలికి కాస్త పైన, కాస్త కింద, నెత్తురు నెమ్మదిగా పారుతుంది. సెగ్గడ్డ నుంచో, గీరుకుపోయిన పుండు నుంచో రక్తంలోకి చేరిన స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా అక్కడ తిష్ఠ వేస్తుంది. ఎముక సాగదు కదా, లోపల పట్టిన చీము ఒత్తిడికి నెత్తురు అందక ఆ భాగం చచ్చిపోతుంది. ఆ చచ్చిన ముక్క లోపలే ఉండిపోతే కాలికి రంధ్రం పడి ఏళ్ల తరబడి చీము కారుతుంది.

ఇంట్లో దీన్ని బెణుకు అనుకుంటారు. తేడా పట్టడం కష్టం కాదు. బెణికిన నొప్పి మొదటి రోజు ఎక్కువగా ఉండి రోజురోజుకూ తగ్గుతుంది, జ్వరం రాదు. చీము నొప్పి రోజురోజుకూ పెరుగుతుంది, జ్వరం 101 డిగ్రీలు దాటుతుంది, పిల్లవాడు కాలు కింద మోపడు. వేలి కొనతో ఎముక వెంట మెల్లగా నొక్కుతూ వస్తే ఒక్క చోట కెవ్వుమంటాడు. పసికందులకైతే జ్వరం ఉండకపోవచ్చు. ఒక కాలు కదపకుండా పడుకుని, బట్ట మార్చేటప్పుడు తొడ జరిపితే గుక్కపట్టి ఏడిస్తే తుంటి కీలులో చీము ఉందేమోనని అనుమానించాలి. అక్కడ రెండు మూడు రోజులు ఆలస్యమైనా కీలు మృదులాస్థి కరిగిపోయి పిల్ల జీవితాంతం కుంటుతుంది.

ఇలాంటి కాలికి మర్దన చేయకూడదు, కాపడం పెట్టకూడదు, పసరు పోసి వెదురు బద్దలతో బిగించకూడదు. బద్దల కింద వాపు పెరిగితే కండకు నెత్తురు ఆగిపోతుంది, చర్మం కుళ్లుతుంది. ఇంకో మోసం ఎక్స్‌రేతో. మొదటి వారం పది రోజులు ఎక్స్‌రేలో ఎముక మామూలుగానే కనపడుతుంది. ‘ఎక్స్‌రే మంచిగుంది’ అన్న ఒక్క మాటతో ఇంటికి తిరిగి రాకండి. ఒంట్లో ఇన్ఫెక్షన్ జాడ చెప్పే రక్తపరీక్షలు (తెల్లకణాలు, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ), తుంటికి అల్ట్రాసౌండ్, అనుమానం తీరకపోతే ఎంఆర్‌ఐ చేయించాలి. బ్లడ్ కల్చర్‌కు, అంటే రక్తంలోని బ్యాక్టీరియాను పెంచి గుర్తించే పరీక్షకు, రక్తం తీశాకే యాంటీబయాటిక్ మొదలుపెట్టడం మంచిది. ఊళ్లోనే రెండు రోజులు సూదులు వేయించుకుని వస్తే ఏ బ్యాక్టీరియా ఉందో తేలదు. ఎముకలో చీముకు మందులు నాలుగు నుంచి ఆరు వారాలు అవసరం పడతాయి. జ్వరం తగ్గిందని పదో రోజున ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది.

ఇక వెన్నుపూస టీబీ. క్షయ అనగానే దగ్గు, తెమడ గుర్తుకొస్తాయి. దీంట్లో చాలామందికి దగ్గే ఉండదు, తెమడ పరీక్షలో ఏమీ తేలదు. ఎముకలకు వచ్చే టీబీలో దాదాపు సగం వెన్నులోనే వస్తుంది. పని నొప్పి పడుకుంటే తగ్గుతుంది, ఇది రాత్రి నిద్ర లేపుతుంది. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడటం, తిండి సహించకపోవడం, బరువు తగ్గడం దీనికి తోడవుతాయి. ఇంట్లోనే ఒకటి గమనించవచ్చు. రూపాయి బిళ్ల కింద వేసి తీయమనండి. వెన్ను జబ్బున్న మనిషి నడుం వంచడు, వీపు కర్రలా నిలబెట్టి, మోకాళ్లు మడిచి, ఒక చేయి తొడ మీద ఆన్చుకుని కూర్చుంటూ తీస్తాడు. వీపు మీద పైనుంచి కిందికి వేలు జారిస్తే ఒక పూస మొటికలా తగిలితే, నడకలో కాళ్లు తడబడితే, మూత్రం ఆపుకోలేకపోతే ఆ రోజే వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

ఎంఆర్‌ఐలో అనుమానం వచ్చాక సూదితో ఆ భాగం నుంచి ముక్క తీసి, టీబీ క్రిమి జన్యువును పట్టే సీబీనాట్ పరీక్షకు పంపాలి. టీబీ ఉందా, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందుకు లొంగుతుందా అన్న రెండూ రెండు గంటల్లో తేలతాయి. మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత మూడు మందులు, మొత్తం కనీసం 12 నెలలు. ఊపిరితిత్తుల టీబీకి ఆరు నెలలే కదా అని మధ్యలో మానేస్తున్నారు, వెన్నుకు అది చాలదు. టీబీ రోగుల తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ కింద చికిత్స సాగినన్నాళ్లూ నెలకు 1,000 రూపాయలు వస్తాయి, బ్యాంకు ఖాతా వివరాలు మొదటి రోజే ఇవ్వండి. మూత్రం నారింజ రంగులోకి మారితే భయం లేదు, అది రిఫాంపిసిన్ రంగు. మొదటి రెండు నెలల్లో వాడే నాలుగు మందుల్లో ఒకటైన పైరజినమైడ్ వల్ల కొత్తగా కీళ్ల నొప్పులు రావచ్చు. జబ్బు ముదిరిందనుకుని మందు మానేసేది ఎక్కువగా ఇక్కడే. డాక్టరుకు చెబితే సర్దుబాటు చేస్తారు. కళ్లు పచ్చబడినా, చూపు మసకబారినా మాత్రం ఆగకుండా వెళ్లాలి.

నొప్పి తగ్గాలని వేసే డెక్సామెథాసోన్ సూదుల గురించి గట్టిగా చెప్పాల్సి ఉంది. అది స్టెరాయిడ్. సాయంత్రానికల్లా నొప్పి మాయమవుతుంది కాబట్టి మంచి సూది అని పేరు. లోపల టీబీ ఉంటే దాన్ని అడ్డుకునే ఒంటి శక్తిని తీసేసినట్టే. పదేపదే వేయించుకుంటే తుంటి బంతికి నెత్తురు ఆగి అది కుంగిపోతుంది, ఎముకలు గుల్లబారతాయి. సూది వేసే ముందు మందు పేరు అడిగి, చీటీ మీద రాయించుకోండి.

చికున్‌గున్యా నొప్పులు నెలలపాటు ఉండవచ్చు, కానీ ఎముకను తినవు. జ్వరం ఉన్నప్పుడు డెంగీ కాదని తేలేదాకా డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు, నెత్తురు కారే ప్రమాదం ఉంది. పారాసిటమాల్ చాలు.

గొర్రెలు, మేకలు కాసే ఇళ్లలో వచ్చి పోయే జ్వరం, ఒళ్లంతా చెమటలు, నడుం నొప్పి ఉంటే బ్రూసెల్లా (పశువుల నుంచి మనిషికి సోకే బ్యాక్టీరియా) పరీక్ష అడగండి. పచ్చిపాలు తాగడం, ఈనేటప్పుడు మాయను వట్టి చేతులతో లాగడం వల్ల ఇది సోకుతుంది. పాలు పొంగేదాకా కాచాలి, చేతులకు గ్లోవ్స్ తొడగాలి.

జిల్లా వైద్యాధికారులకు ఒక విన్నపం. ఆశా కార్యకర్తలు టీబీ కోసం ఇంటింటికీ తిరిగేటప్పుడు దగ్గుతో పాటు మరో రెండు ప్రశ్నలు అడిగేలా చూడండి: నడుం నొప్పి రాత్రి నిద్ర లేపుతోందా? జ్వరంతో ఏ పిల్లవాడైనా కాలు మోపడం మానేశాడా? అవునన్న ఇంటి వివరాలు అదే రోజు పీహెచ్‌సీ డాక్టరుకు చేరాలి.

– ఎముకల వైద్యులు, హనుమకొండ