బాయిలర్ పేలింది సరే, గ్లాసులో నీళ్లున్నాయా?

అయ్యా,

రైస్ మిల్లులో బాయిలర్ పేలిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ 'ఒత్తిడి ఎక్కువవడంతో' అన్న మాట పక్కన చేరుతుంది. మిర్యాలగూడ, కరీంనగర్, మండపేట వైపు బాయిల్డ్ మిల్లులు రాత్రింబవళ్లు తిరిగే సీజన్‌లోనైనా ఈ మాటను సరిచేసుకోవాలి. ముందుగా అడగాల్సింది నీళ్ల సంగతి: లోపలి మట్టం చూపే గేజ్ గ్లాసులో నీళ్లున్నాయా అని.

మిల్లుల్లో తరచూ కనిపించే ఊక బాయిలర్ చదరపు సెంటీమీటరుకు 10.54 కిలోల ప్రెజర్‌ది. ఆ ప్రెజర్‌లో లోపలి నీళ్లు సుమారు 185 డిగ్రీల వేడి మీద ఉంటాయి. నీళ్లు కప్పి ఉన్నంతసేపే ట్యూబులు, ఫర్నేస్ రేకు మంటను తట్టుకుంటాయి. మట్టం దిగి రేకు బయటపడితే ఎర్రగా కాలి మెత్తబడుతుంది. అప్పుడు రోజూ మోసే ప్రెజరే దాన్ని చీల్చేస్తుంది. సేఫ్టీ వాల్వు లేవదు. లేవాల్సినంత ప్రెజర్ పెరగలేదుగా మరి! చీలిక పడగానే లోపలి నీళ్లలో ఆరో వంతు దాకా ఒక్కసారిగా ఆవిరైపోతుంది. ఒక లీటరు నీరు సుమారు 1,600 లీటర్ల ఆవిరవుతుంది. షెడ్డు కప్పు లేచిపోయేది అందుకే.

ఏటా జరిగే తనిఖీలో బాయిలర్‌ను చల్లార్చి, ఖాళీ చేసి, లోపల చూస్తారు. నీళ్లు నింపి, పని ప్రెజర్‌కు మించి హైడ్రాలిక్ పరీక్ష చేస్తారు. అది అవసరమే. దానితో రేకు గట్టిదని తేలుతుంది. నడి సీజన్‌లో అర్ధరాత్రి నీళ్లు తగ్గితే అలారం మోగించి, మంటకు గాలి ఊదే ఫ్యాన్లను ఆపే మొబ్రే (ఫ్లోట్ స్విచ్) పనిచేస్తుందో లేదో మాత్రం తేలదు.

గ్లాసు పరీక్ష రెండు నిమిషాల పని, షిఫ్టుకొకసారి చేయాలి. గేజ్ గ్లాసు కింద డ్రెయిన్ కాక్ (కుళాయి) తెరిచి నీటి కాక్ మూస్తే ఆవిరి బుస్సుమని రావాలి. తర్వాత నీటి కాక్ తెరిచి ఆవిరి కాక్ మూస్తే నీళ్లు ధారగా రావాలి. రెండూ తెరిచి డ్రెయిన్ మూయగానే మట్టం చటుక్కున పైకి ఎక్కాలి. నెమ్మదిగా పాకిందంటే దారిలో మడ్డి పేరుకున్నట్టు. నడుస్తున్న బాయిలర్ గ్లాసులో నీరు కొద్దిగా ఆడుతూనే ఉంటుంది. గీత గీసినట్టు సగంలో నిలిచిపోతే ఆ మట్టాన్ని నమ్మకూడదు.

మొబ్రేదీ ఇదే జబ్బు. ఛాంబర్‌లో మడ్డి చేరి ఫ్లోట్ ఇరుక్కుంటుంది. దాన్నీ షిఫ్టుకొకసారి బ్లోడౌన్ చేసి (ఛాంబర్ నీళ్లు బయటికి వదిలి), అలారం మోగుతుందో లేదో, ఫ్యాన్లు ఆగుతాయో లేదో చూడాలి. ఊక బాయిలర్‌లో ఇంకో చిక్కుంది. ఫ్యాన్లు ఆగినా గ్రేట్ (పొయ్యి జల్లెడ) మీది ఊక కాసేపు కాలుతూనే ఉంటుంది. అందుకే బాయిలర్‌కు నీళ్లు పంపే ఫీడ్ పంపు రెండోది ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.

మాటిమాటికీ ట్రిప్ అయి బాయిలర్ ఆగిపోతోందని, మొబ్రే పనిచేయకుండా దాని వైరును షార్ట్ చేసే మిల్లులున్నాయి. ట్రిప్‌కు కారణం చాలాసార్లు పంపు దగ్గరే దొరుకుతుంది: స్ట్రెయినర్ (నీటి జల్లెడ) పూడిపోవడం, నాన్ రిటర్న్ వాల్వు నీళ్లను వెనక్కి వదలడం, ఫీడ్ ట్యాంకు నీళ్లు మరీ వేడెక్కి పంపు పట్టకపోవడం. వీటిని బాగుచేయడానికి గంట చాలు.

గ్లాసులో నీళ్లు పూర్తిగా కనబడకుండా పోతే చాలామంది కంగారుపడి పంపు వేస్తారు. అదే చేయకూడదు. కాలిన రేకు మీద నీళ్లు పడితే ఒక్కసారిగా ఆవిరై రేకును చీల్చేయవచ్చు. ఫ్యాన్లు ఆపి, నిప్పు లాగేసి, మెయిన్ స్టీమ్ వాల్వు మూసి, దూరంగా జరగాలి. చల్లారాక రేకు, ట్యూబులు పరీక్ష చేయించకుండా మళ్లీ ముట్టించకూడదు.

సేఫ్టీ వాల్వును పనిచేయకుండా బిగించడం 1923 బాయిలర్ల చట్టంలోనే నేరం. ఆ చట్టం స్థానంలో 2025లో కొత్తది వచ్చింది. మొబ్రే వైరు కలిపేయడాన్నీ అలాగే చూడాలి. సీజన్ మధ్యలో తనిఖీ అధికారులు చెప్పకుండా వచ్చి, నడుస్తున్న బాయిలర్‌నే మొబ్రే ట్రిప్ చేసి చూపించమనాలి. పావుగంట పని అది. ప్రతి షిఫ్టులో సర్టిఫికెట్ ఉన్న అటెండెంట్ ఉన్నాడా, లాగ్‌బుక్‌లో గ్లాసు పరీక్ష రాస్తున్నారా, లేక నెలాఖరున ఒకే పెన్నుతో నింపుతున్నారా అన్నదీ అప్పుడే బయటపడుతుంది. సీఎంఆర్ (ప్రభుత్వ ధాన్యాన్ని బియ్యంగా మార్చి తిరిగి ఇచ్చే పని) గడువుల ఒత్తిడి మిల్లుల మీద ఉన్న మాట నిజమే. అలాంటప్పుడు ధాన్యం కేటాయించే పౌరసరఫరాల శాఖ, కేటాయింపు కాగితాలతో పాటు ఆ లాగ్‌బుక్ నకలు కూడా అడగవచ్చు.

– ఒక బాయిలర్ ఇంజినీరు, మిర్యాలగూడ