2025 వార్షిక నివేదిక: వలస గూడేల్లో మన పని

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు లేచి, "అటు ఛత్తీస్‌గఢ్‌లో గొడవలు సద్దుమణుగుతున్నాయంటున్నారు. ఈ వలసవాళ్లు రేపోమాపో తిరిగి వెళ్లిపోతారు కదా, మనం ఇంకా ఎన్నాళ్లు బియ్యం మోయాలి?" అని అడిగారు. ఆ రోజు కార్యవర్గం నీళ్లు నమిలింది. ఈ నివేదిక చాలావరకు ఆయనకిచ్చే జవాబే.

కొత్తగా చేరినవాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తాం. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా, సర్కారు అండతో సల్వాజుడుం అనే సాయుధ దళం మొదలైంది. ఊళ్లు తగలబడ్డాయి. ఇటు జుడుంకూ అటు మావోయిస్టులకూ మధ్య నలిగిన మురియా ఆదివాసీ కుటుంబాలు అడవి దాటి అప్పటి ఖమ్మం జిల్లాలోకి వచ్చాయి. వీళ్లనే మనం గొత్తికోయలు అంటున్నాం. జుడుం చట్టవిరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తేల్చింది గానీ, పోయిన ఊళ్లు తిరిగి లేవలేదు. 2014లో చింతూరు, కూనవరం, వీఆర్ పురం మండలాలు ఆంధ్రలోకి వెళ్లాయి. అన్న గూడెం తెలంగాణలోని చర్ల దగ్గర, తమ్ముడి గూడెం చింతూరు దగ్గర ఉంటే, ఒకే ఇంటివాళ్లు రెండు రాష్ట్రాల ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఇక ఈ ఏడాది. మావోయిస్టులు చర్చలకు సిద్ధమని వసంతంలో లేఖలు విడుదల చేశారు. ఆయుధాలు వదిలితేనే మాట అని కేంద్రం అంది. ఏప్రిల్‌లో తెలంగాణ-ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల్లో మావోయిస్టులపై భద్రతా బలగాల ఆపరేషన్ మొదలైంది. అక్టోబరులో మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో లొంగిపోయారు. నవంబరు 18న ఆంధ్రలోని మారేడుమిల్లి అడవిలో మావోయిస్టు కమాండర్ హిడ్మా చనిపోయారు. ఎవరి పక్షానో మాట్లాడటానికి మనం సంఘం పెట్టుకోలేదు. గూడెంలో మాత్రం ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మగవాళ్లు రెండు మూడు రోజులు కూలికి బయలుదేరేవాళ్లు కాదు. కొత్త మొహం కనిపిస్తే టెన్షన్.

కర్రెగుట్టల రోజుల్లో మన బండి వెంకటాపురం వైపు వెళ్లలేకపోయింది. అది తునికాకు కోసే కాలం. ఏడాది మొత్తంలో వాళ్ల చేతిలో నాలుగు డబ్బులు ఆడేది అప్పుడే. ఆ కూలీ పోయింది. దాంతో వానాకాలానికి దాచిన బియ్యం జూన్‌లోనే పంచాల్సి వచ్చింది. ముందే ఒక గూడెంలో నిల్వ పెట్టి ఉండాల్సింది, పెట్టలేదు. ఆ తప్పు కార్యవర్గానిదే.

బియ్యం అందరికీ ఇవ్వడం మానేశాం. తెలంగాణలో రేషన్ కార్డు ఉన్న ఇళ్లకు ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం వస్తోంది కాబట్టి, కార్డు లేనివాళ్లకే ఇస్తున్నాం. కార్డు ఉన్న ఒక ముసలమ్మ మమ్మల్ని ఆపి, సన్నబియ్యం జావకు బాగోవు, దొడ్డుబియ్యం తెమ్మంది!

నీళ్ల సంగతి చెప్పాలి. మన కుర్రాడొకడు కొత్తగా వచ్చినప్పుడు ఒకామె "ఏర్" అంటే కింద వాగు చూపించాడు. ఆమె నవ్వింది. వాళ్ల భాషలో ఏర్ అంటే నీళ్లు. అతనికి దాహంగా ఉందేమోనని అడిగిందట. తర్వాత అతన్ని తీసుకెళ్లింది కూడా ఆ వాగుకే. ఇసుకలో మోకాలి లోతు చెలమ తవ్వి, ఊరేదాకా కూర్చుని, సొరకాయ బుర్రతో తోడి, చీర కొంగు మడతలోంచి బిందెలోకి వడకట్టింది. బిందె నిండేసరికి అరగంట. ఆ గూడెం అడవి భూమిలో ఉందని చేతిపంపుకు అనుమతి రాలేదు. రెండు అర్జీలు పెట్టాం, మళ్లీ పెడతాం.

కాగితాల పని బియ్యం కన్నా కష్టం. మురియాలు ఛత్తీస్‌గఢ్‌లో ఎస్టీలు, వలస వచ్చినవాళ్లకు ఇక్కడ ఆ గుర్తింపు లేదు. ఇక్కడే పుట్టిన పిల్లకు కుల ధ్రువపత్రం అడిగితే, ఒక ఆఫీసులో "మీ నాన్న ఊరి నుంచి తెచ్చుకోండి" అన్నారు. అక్కడికి వెళ్తే "పిల్ల ఇక్కడ పుట్టలేదు కదా" అన్నారు. అటవీ హక్కుల చట్టంలో, 2005 డిసెంబరు 13కు ముందు అన్యాయంగా అడవి భూమి నుంచి వెళ్లగొట్టబడినవాళ్లకు పునరావాసం, ప్రత్యామ్నాయ భూమి అనే క్లాజు ఉంది. జుడుం మొదలైంది ఆ జూన్‌లో. మొదటి ఆరు నెలల్లో వచ్చినవాళ్లకు ఒక దారి ఉన్నట్టే, 2006లో వచ్చిన పక్కింటివాళ్లకు లేనట్టే. ఎవరు ఏ నెలలో వచ్చారో రాస్తున్నాం. తేదీలు ఎవరికీ గుర్తులేవు. ఇప్పపువ్వు రాలేటప్పుడా, వరి కోసేటప్పుడా అని అడిగితే చెబుతున్నారు.

తిరిగి వెళ్లడం గురించి. దసరా తర్వాత ఒక గూడెం నుంచి నలుగురు పాత ఊరు చూసి వచ్చారు. ఇళ్లున్న చోట తుప్పలు, చింతచెట్లు మాత్రం అలాగే ఉన్నాయట. అక్కడే ఉండిపోయిన దగ్గరివాళ్లు వీళ్ల పొలం దున్నుకుంటున్నారు. అడిగితే తగువు, ఊరుకుంటే భూమి పోతుంది. ఇక్కడ పుట్టి తెలుగులో చదువుకుంటున్న పిల్లలు ఆ ఊరి పేరు తప్ప ఏమీ ఎరగరు. వెళ్తామన్నవాళ్లకు బస్సు ఖర్చు, మొదటి పంటకు విత్తనాలు ఇవ్వాలని తీర్మానించాం. ఉంటామన్నవాళ్లకు ఇప్పుడిస్తున్నవి ఆపం. మన సభ్యుడి ప్రశ్నకు కార్యవర్గం జవాబు ఇదే. ఒప్పుకోనివాళ్లు సమావేశంలో చెప్పండి, ఓటు పెడదాం.

దోమతెరల లెక్క ఒక్కటే తేలలేదు. కొన్ని మిరపకాయలు ఆరబెట్టడానికి వాడుతున్నారు. ఈసారి పంచడంతో సరిపెట్టకుండా మన ఆశా కార్యకర్తలే దగ్గరుండి కట్టిస్తారు.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. బండి సంక్రాంతి వెళ్లాక బయలుదేరుతుంది. బియ్యం ఇచ్చేవాళ్లు ముందు రోజే చేర్చండి. దొడ్డువే ఇవ్వండి.

కార్యదర్శి