లాడ్ బజార్ గాజుల భాయ్‌కి

మోకాలి ఆపరేషన్ తర్వాత అమ్మ మొన్న ఆదివారమే బయటికొచ్చింది. చార్మినార్ ముందు ఇరానీ చాయ్ తాగుతూ ఫోటో దిగాలని కోరిక. 1591లో కట్టింది ఎక్కడికీ పోదు, రద్దీ తగ్గాక వెళ్దామంటే వింటేనా! లాడ్ బజార్‌లో అడుగుపెట్టగానే కళ్లు తిరుగుతున్నాయంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

మీరు గాజుల బేరం మధ్యలో వదిలేసి, కూర్చున్న స్టూలే తెచ్చి వేశారు. ఫ్యాన్ ఇటు తిప్పారు. నీళ్లిచ్చి, కాసేపాగి చాయ్ తెప్పించారు. కాలుతుందని సాసర్‌లో పోసి మీరే చల్లార్చి, ఉస్మానియా బిస్కెట్ చేతిలో పెట్టి "మెల్లగా తినమ్మా" అన్నారు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఫోటో కూడా మీరే తీశారు, కాస్త వంకరగా! అందులో ఒక్క మీనారే పడింది. అమ్మ నవ్వు మాత్రం మొత్తం పడింది.

పేరడగడం మరిచిపోయాను. చాలా థాంక్స్ భాయ్.