బడి వార్తల్లో పిందెల లెక్క ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

హోలీ వెళ్లి ఉగాది వచ్చే ఈ రోజుల్లో మీ సరిహద్దు పేజీలో బడుల కబుర్లు దండిగా వస్తాయి. వార్షికోత్సవం, బహుమతుల పంపకం, ఏప్రిల్ 1న ఒడిశా అవతరణ రోజైన ఉత్కళ దినోత్సవం, ఆ వెంటనే కొత్త పిల్లలకు స్వాగతం. ప్రతి వార్తలోనూ వేదిక మీది పెద్దల పేర్లన్నీ ఉంటాయి. పిల్లలు ఏం నేర్చుకున్నారన్నది ఒక్క వాక్యం కూడా ఉండదు. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో మీ పత్రిక చదివే తల్లిదండ్రులకు కావలసింది ఆ ఒక్క వాక్యమే. దాన్ని పిల్లలే రాయగలరు. ప్రతి ప్రాథమిక బడిలోనూ వారానికొక గోడపత్రిక, అంటే పిల్లలు రాసిన చీటీలు అంటించిన చార్టు, నడవాలని మా కోరిక. మార్చి, ఏప్రిల్ నెలల్లో బడి చుట్టూ వారం వారం మారేవి, లెక్కపెట్టడానికి వీలైనవి ఎన్నో ఉంటాయి కనుక మొదలుపెట్టడానికి ఇదే మంచి అదను.

ముందు ఇక్కడి కాలం సంగతి చెప్పాలి. సరిహద్దుకు ఆవల ఆంధ్రలోని పాతపట్నంలో ఏప్రిల్ అంటే చదువు ముగిసే నెల, కొత్త తరగతి జూన్‌లోనే. ఈవల ఒడిశాలో ఏప్రిల్ మొదట్లోనే కొత్త తరగతి మొదలవుతుంది. ఒకటో తరగతిలో చేరిన బిడ్డ కొన్ని వారాలు ఒంటిపూట బడికి వచ్చి, అక్షరాలు చేతికి పట్టుబడేలోగా వేసవి సెలవులకు ఇంటికి వెళ్లిపోతుంది. తిరిగొచ్చేసరికి దిద్దినవాటిలో సగం మరిచిపోతుంది. అందుకే ఏప్రిల్‌లో వర్ణమాల పరుగులు పెట్టించడం వృథా శ్రమ. చూడటం, చూసింది చెప్పడం, బొమ్మ గీయడం, బొమ్మ కింద ఒక్క మాట రాయడం మాత్రం సెలవుల తర్వాత కూడా నిలుస్తాయి. గోడపత్రికలో ఒకటో తరగతి వంతు అంతే.

సామాను తక్కువే. బజారులో దొరికే చార్టు కాగితం సుమారు 71 సెంటీమీటర్ల పొడవు, 56 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. దాన్ని అడ్డంగా పెట్టి, పైన 10 సెంటీమీటర్ల పట్టీ పత్రిక పేరుకూ తేదీకీ వదలాలి. ఏ4 కాగితాన్ని సగానికి కోస్తే వచ్చే చీటీలు పై వరసలో నాలుగు, కింది వరసలో నాలుగు నిలువుగా సరిపోతాయి. చీటీ వెనక అంతా జిగురు పూయకూడదు. పై అంచున వేలెడు వెడల్పు చాలు. అలా అయితే వచ్చే వారం చీటీని చిరగకుండా తీసి ఆ బిడ్డ దస్త్రంలో దాచవచ్చు, చార్టు కూడా మళ్లీ పనికొస్తుంది. మైదా జిగురు చేసుకునేవారు గ్లాసు నీళ్లకు రెండు చెంచాల పిండి ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఆ తర్వాత సన్నసెగ మీద చిక్కబడేదాకా తిప్పాలి. రెండు రోజులు దాటితే పులుస్తుంది, బొద్దింకలు చేరతాయి. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది విషం. వేళ్లు నోట్లో పెట్టుకునే పిల్లలున్నచోట దాన్ని వాడకూడదు.

ఎక్కడ అంటించాలన్నది చిన్న విషయం కాదు. చాలా బడుల్లో చార్టులు పెద్దల తల ఎత్తున ఉంటాయి, ఎలుకలకూ వానజల్లుకూ అందకూడదని. ఆరేడేళ్ల బిడ్డ నిలబడితే కంటి ఎత్తు మీటరుకు కాస్త అటూఇటూ. కింది అంచు నేల నుంచి 70 సెంటీమీటర్లలో ఉంటే పై అంచు 126కు వస్తుంది, మధ్య భాగం సరిగ్గా వాళ్ల కళ్లకు ఎదురవుతుంది. పడమటి వసారాలో పెట్టకండి, స్కెచ్ పెన్ రంగు సాయంత్రపు ఎండకు వారంలో వెలిసిపోతుంది. పెన్సిల్ రాత నిలుస్తుంది.

ఎనిమిది చీటీలంటే వారానికి ఎనిమిది మంది. నలభై మంది ఉన్న బడిలో ఐదు వారాలకు అందరి వంతూ తిరుగుతుంది. వంతుల పట్టీ తేదీలతో సహా గోడ మీదే ఉండాలి, లేకపోతే చేతిరాత బాగున్న ఇద్దరు ముగ్గురే ఏడాది పొడుగునా రాస్తారు. రెండో తరగతికి రెండు వాక్యాలు, మూడుకు నాలుగైదు. నాలుగు, ఐదు తరగతుల వాళ్లు ఎనిమిది పంక్తులు రాయాలి, అందులో ఒక అంకె తప్పనిసరి. సోమవారం చూసిరావడం, మంగళవారం నోటితో చెప్పడం, బుధవారం రాయడం, గురువారం పక్కవాడికి చదివి వినిపించడం, శుక్రవారం అంటించడం, శనివారం ప్రార్థన వేళ గట్టిగా చదవడం. రోజుకు ఇరవై నిమిషాలు చాలు. ఎక్కువమంది మంగళవారాన్ని దాటేస్తారు. నోట పలకని వాక్యం కాగితం మీదకు రాదు. అప్పుడు బిడ్డ పుస్తకం తెరిచి “వసంత ఋతువు చాలా అందమైనది” అని ఎక్కించుకుంటుంది. మాస్టారు మూడు ప్రశ్నలు అడిగితే ఈ బెడద తప్పుతుంది: ఎక్కడ చూశావు, ఎన్ని ఉన్నాయి, పోయిన వారానికీ ఇప్పటికీ తేడా ఏమిటి?

ఇక వార్తలు. బడి దగ్గరి మామిడిచెట్టుకు చేతికందే ఎత్తులో ఐదు పూతకంకులు ఎంచి ఎర్రదారం కట్టాలి. ప్రతి సోమవారం ఒక్కో కంకికి ఎన్ని పిందెలున్నాయో లెక్కపెట్టి పట్టికలో రాయాలి. పూత మీద ఉన్నప్పుడు కంకికి పూలు వందల్లో, ఒక్కోసారి వేలల్లో ఉంటాయి. చివరికి నిలిచేది ఒకటో రెండో, కొన్ని కంకులకు ఏదీ నిలవదు. మా చెట్టుకేదో తెగులని పిల్లలు కంగారుపడతారు. పూలలో చాలా భాగం మగపూలే, వాటికి కాయ రాదు. మిగిలినవాటిలో కొన్ని తేనెమంచు పురుగుకూ బూడిద తెగులుకూ పోతాయి, కొన్ని పిందెలు ఎండకూ నీటి ఎద్దడికీ రాలతాయి. ఈ కారణాల్లో ఏది ఎక్కడ కనబడిందో ఐదో తరగతివాళ్లు రాయగలరు. ఆకు మీద బంకగా మెరిసేది తేనెమంచు, పూతకాడ మీద తెల్లపొడి బూడిద తెగులు. తీసివేతలు నేర్పడానికి ఇంతకన్నా మంచి లెక్క ఏ పాఠంలోనూ లేదని మా నమ్మకం.

రెండోది నీడ కర్ర. ఇది ఒంటిపూట బడి మొదలయ్యేలోగా, అంటే మార్చిలోనే చేయాలి. పదిన్నరకు గంట కొట్టేసే రోజుల్లో మధ్యాహ్నపు నీడ చిక్కదు. నేలపైన సరిగ్గా మీటరు ఎత్తు వచ్చేలా తిన్నని కర్ర చదును నేలలో పాతి, దారానికి రాయి కట్టి వేలాడదీసి నిలువు చూడాలి. 11.40 నుంచి 12.20 దాకా ఐదు నిమిషాలకొకసారి నీడ కొనకు మేకు గుచ్చాలి. అన్నిటికన్నా పొట్టి నీడే ఆ రోజు మిట్టమధ్యాహ్నం. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి 21 ప్రాంతంలో పర్లాకిమిడిలో ఆ నీడ సుమారు 34 సెంటీమీటర్లు, రాయగడలో 35 దాకా ఉంటుంది. వారం ఆగి కొలిస్తే 29కి దిగుతుంది. కర్ర రెండు డిగ్రీలు ఉత్తరానికో దక్షిణానికో ఒరిగినా మూడున్నర సెంటీమీటర్ల తేడా వస్తుంది కాబట్టి, లెక్క కుదరకపోతే ముందు నిలువు చూసుకోవాలి. మే నెల మధ్యలో మిట్టమధ్యాహ్నం నిలువు వస్తువుకు నీడే ఉండదు. అప్పటికి సెలవులు. ఇంటి వాకిట్లో నీళ్ల సీసా నిలబెట్టి చూడమని పిల్లలకు ముందే చెప్పి పంపితే సరి, అక్కడ పన్నెండు కొట్టడానికి పది నిమిషాల ముందే కాచుకోవాలి.

మూడోది ఇప్పపూలు. కొండ ఊళ్లలో తెల్లవారుజామున పూలు రాలేవేళకు ఇల్లంతా చెట్టు కిందకు వెళుతుంది, పిల్లలు కూడా. బడిలో వాళ్లకు గైరుహాజరు పడుతుంది. కుటుంబానికి ఆ నెల సంపాదన అదే కనుక పిల్లలను తిట్టి లాభం లేదు. పచ్చిపూలు కిలో తూచి, ఎండబెట్టి, ఎండాక ఎంత తూగాయో రాసుకురమ్మంటే ఆ గైరుహాజరు బిడ్డే ఆ వారం ముఖ్య విలేఖరి. పూలు బాగా కనబడాలని చెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టడం వల్ల కూడా ఈ కాలంలో అడవి అంటుకుంటూ ఉంటుంది. నిప్పుకు బదులు పాత చీరలు పరిచిన ఇల్లు ఏదైనా ఊళ్లో ఉంటే అది పెద్ద అక్షరాల్లో రాయదగ్గ వార్త.

ఉగాది, పణా సంక్రాంతి రెండూ మన పిల్లలకు సంవత్సరాదులే. ఒడియావారి పణా సంక్రాంతి ఏటా ఏప్రిల్ 14 ప్రాంతంలోనే వస్తుంది. ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చింది. మూడు తేదీలు నల్లబల్ల మీద రాసి ఎందుకిలా వెనక్కి జరుగుతోందని అడిగితే నాలుగో తరగతి బిడ్డ పది పదకొండు రోజుల తేడా తనంతట తనే పట్టుకుంటుంది. చంద్రుడి పన్నెండు నెలలకు 354 రోజులే, ఆ లోటు అధికమాసంతో పూడుతుందని అప్పుడు చెబితే ఎక్కుతుంది.

రాతలో తప్పుల గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే ఇక్కడి తప్పులకు ఇక్కడి కారణాలున్నాయి. మన పిల్లలు బడిలో ఒడియా లిపి నేర్చి, తెలుగు ఇంట్లోనో సాయంత్రపు తరగతిలోనో నేర్చుకుంటారు. ఒడియాలో ఎ, ఏ అని రెండు లేవు. ఒ, ఓ అని రెండు లేవు. అందుకే మెడ రాయమంటే మేడ, తోట రాయమంటే తొట వస్తుంది. ఒడియా ఏత్వం హల్లుకు ఎడమపక్కన పడుతుంది, మనది నెత్తిన పడుతుంది, కనుక ఆ గుర్తు ఎక్కడ పెట్టాలో తడుముకుంటారు. వ ఒడియా నోట బ అవుతుంది, వాన బాన అవుతుంది. శ, ష, స మూడూ ఒకేలా పలుకుతాయి. అంకెల్లోనూ చూసుకోవాలి: ఒడియా నాలుగు పైన మూత లేని 8 లాగా ఉంటుంది, పిందెల పట్టికలో తారుమారైతే మొత్తం చెడుతుంది. ఏ అంకెలు వాడాలో బడి మొత్తానికి ఒకటే నిర్ణయం చేసుకోవాలి. ఇవి బద్ధకం వల్ల వచ్చే తప్పులు కావు. ఎర్రసిరాతో చీటీ అంతా కొట్టేస్తే ఆ బిడ్డ మళ్లీ వంతుకు రాదు. వారానికి ఒక్క జత చాలు. ఈ వారం మెడ-మేడ, వచ్చే వారం వాన-బాన అనుకుని, ఆ ఒక్కటే పెన్సిల్‌తో సరిచేయించాలి.

ఇంటి మాటను మాత్రం దిద్దకూడదు. “ఏటి”, “నాను” అని రాస్తే అలాగే ఉండనివ్వండి. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి ఉపాధ్యాయుడిగా బతికింది ఈ పర్లాకిమిడిలోనే. ఇక్కడి కొండల్లోని సవర గిరిజన పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చి, పుస్తకాలు రాసి, బడులు పెట్టారు. ఆ ఊరి బడి గోడ మీద తెలుగు చీటీ పక్కన సవర చీటీ, ఒడియా చీటీ ఉండటం సబబు. ఒడియా బడిలో తెలుగు రాత అంటిస్తే ఎవరేమంటారోనని కొందరు ప్రధానోపాధ్యాయులు జంకుతారు. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించడానికి ప్రయత్నించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతోంది. గోడ మీద చీటీకి జంకక్కర్లేదు.

రెండో తరగతి ముగిసేసరికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు చదవాలని కేంద్ర ప్రభుత్వ ప్రాథమిక చదువుల కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం. శనివారం చదివే చీటీలతోనే ఆ పరీక్ష పెట్టవచ్చు. అయితే తెలుగు మాట పొడుగు, “వెళ్లినప్పుడల్లా” అన్నది ఒక్క మాటగా లెక్కకొస్తే వేగం తగ్గినట్టు కనబడుతుంది. గడియారం కన్నా, చదివాక ఒక ప్రశ్న వేసి జవాబు వినడం మేలు.

మీకు మా విన్నపం. వార్షికోత్సవాల వార్తలు మానేయమనడం లేదు. ప్రతి సోమవారం ఆ పేజీలో అరచేతంత చోటు ఒక బడి గోడపత్రికకు ఇవ్వండి. ఒక్క చీటీ, బిడ్డ రాసినట్టే, ఇంటి మాట మార్చకుండా వేయండి. ఊరి పేరు, తరగతి చాలు. బిడ్డ పేరూ ఫొటో అక్కర్లేదు. అంకెలు మాత్రం వేసే ముందు బడికి ఫోన్ చేసి సరిచూడండి, నాలుగును ఎనిమిదిగా అచ్చువేస్తే ఐదు వారాల పిందెల లెక్క తప్పుతుంది. ఈ వారమే మొదలుపెట్టే బడులు ఉంటే ఎర్రదారం కంకి కాడకు వదులుగా కట్టమనండి. బిగించి కడితే కాడ లావెక్కేకొద్దీ కోసుకుపోయి కంకి మొత్తం రాలుతుంది.

ఇట్లు,
ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు కొందరు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా