రాయిని తీసుకెళ్లేముందు దాని దిక్కు రాసుకోనివ్వండి

గౌరవనీయులైన రాష్ట్ర గనులు, భూగర్భ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను తిరుపతిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. సొంతూరు కుప్పం పక్కన. మా నాయన క్వారీలో పనిచేసి మమ్మల్ని చదివించాడు. కాబట్టి క్వారీలు మూసేయమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

చిత్తూరు జిల్లాలో నల్ల గ్రానైట్ పేరుతో అమ్ముతున్నది చాలాచోట్ల డోలరైట్. భూమి పగుళ్లలోకి కరిగిన రాయి ఎగదన్నుకొచ్చి గోడలా గడ్డకట్టింది. దాన్నే డైక్ అంటారు. దక్షిణాది డైకుల్లో 200 కోట్ల ఏళ్లు దాటినవి చాలానే ఉన్నాయి. రాయి చల్లారుతూ 580 డిగ్రీల కిందికి దిగేటప్పుడు, ఆనాటి భూ అయస్కాంత క్షేత్రం ఎటు చూస్తోందో ఆ దిశ అందులోని మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజంలో అచ్చు పడిపోతుంది.

ఆ క్షేత్రాన్ని పుట్టించేది 2,900 కిలోమీటర్ల లోతున సుడులు తిరిగే ద్రవ ఇనుము. అప్పుడప్పుడు ఉత్తర దక్షిణాలు తారుమారవుతాయి. చివరిసారి మారి సుమారు 7,80,000 ఏళ్లయింది. అంతకుముందు, డైనోసార్ల కాలంలో, ఒక దశలో దాదాపు 4 కోట్ల ఏళ్లు మారనే లేదు. దీనికి పంచాంగం లేదు. "ఇన్నేళ్లయింది, ఇక రేపో మాపో" అంటూ ఫోన్లలో తిరిగే మాటలకు ఆధారమూ లేదు. ఇది యాదృచ్ఛిక ప్రక్రియ. నాణేన్ని ఒక్కసారి ఎగరేసి దాని గుణం చెప్పలేం, వందలసార్లు ఎగరేయాలి. అంత పాత కాలానికి సంబంధించి మనకు దొరికిన ఒక్కో డైకూ ఒక్కసారి ఎగరేసిన నాణెం. అంగారకుడికి ఇప్పుడు అలాంటి క్షేత్రం లేదు. ఒకప్పుడు ఉండేదని 1997లో అక్కడికి చేరిన మార్స్ గ్లోబల్ సర్వేయర్ వ్యోమనౌక తేల్చిందీ పాత రాళ్లను బట్టే.

రెండేళ్ల కిందట మా పిల్లలను ఊరి పక్క క్వారీకి తీసుకెళ్లాను. వైర్‌సా (తీగ రంపం) అప్పుడే కోసిన రాతి ముఖం తడితడిగా, నల్లగా మెరుస్తోంది. గట్టు మీద, ఎండకూ వానకూ పాతబడిన బండకు ఒక పాప దిక్సూచి ఆనిస్తే ముల్లు గిర్రున పక్కకు తిరిగింది. పిడుగులు పడి పైరాయిలో పాత అచ్చు చెడిపోతుంది. లోపలి రాయికి ఆ బెడద తక్కువ. అంటే పరిశోధకులకు కావలసిన రాయిని తవ్వి బయటపెడుతున్నది క్వారీయే!

మూడు నెలలకు, యూనివర్సిటీలో చదువుతున్న నా శిష్యుణ్ణి వెంటబెట్టుకెళ్లేసరికి ఆ ముఖం లేదు. బ్లాకులు వరసగా పేర్చి ఉన్నాయి. ఎర్ర పెయింటుతో నంబరు ఉంది, కొలత ఉంది. ఏ పక్క ఉత్తరానికి ఉండేదని మేస్త్రీని అడిగితే, "క్రేను ఎట్ల తిప్పితే అట్ల, సార్" అన్నాడు. రాయి ఉంది, దిక్కు పోయింది. ఇక ఏ ప్రయోగశాలా దాన్ని వెనక్కి తేలేదు. ఆ రోజు నా శిష్యుడు తెచ్చుకున్న డ్రిల్లు సంచిలోంచి బయటికే తీయలేదు.

అయ్యా, లీజు షరతుల్లో ఒక్క వాక్యం చేర్చండి. డోలరైట్ డైకులో కొత్త ముఖం తెరిస్తే ఎస్వీ యూనివర్సిటీకో, తిరుపతిలోని విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్‌కో కబురుపెట్టి, బ్లాకు కదిలించేలోపు ఒక్కరోజు గడువివ్వాలని. రెండున్నర సెంటీమీటర్ల లావున్న నమూనాలు ఎనిమిదో పదో చాలు. బ్లాకుకు పనికిరాని అంచున తీసుకోవచ్చు. దిక్సూచిని ఆ రాయే తప్పుదోవ పట్టిస్తుంది కాబట్టి, ఎండనీడను చూసి దిక్కు గుర్తుపెట్టుకుంటారు. తిరుమల ఘాట్‌రోడ్డు పక్క, రెండు కాలాల శిలల మధ్య ఎడం కనబడే చోటును జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా నిలబెట్టుకున్న సీమ ఇది. ఈ మాత్రం చేయలేమా?

మా ఊరి డైకు తూర్పువైపు ఇంకా మిగిలే ఉంది. వానలు తగ్గాక అటు తెరుస్తారట. ఆలోపే మీ ఉత్తర్వు రావాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ అధ్యాపకుడు,
తిరుపతి